ఇంటిపేరు ముందు రాసిన కాగితం

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి. పొయ్యి మీద ఏమన్నా ఉంటే కట్టేసి రండి, ఈ కథ మధ్యలో లేచి వెళితే మళ్లీ అందుకునేది కాదు. నేను చదివింది ఏడో తరగతి వరకే. కానీ చూసిందీ విన్నదీ ఏదీ మరిచిపోను. అది వరమో శాపమో విన్నాక మీరే చెప్పండి.

మాది కెనడాలో ఒషావా. మా ఆయన కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి, రిటైరైన రెండేళ్లకే పోయారు. స్టూడెంట్లు విమానాల నిండా వచ్చి దిగుతున్న రోజులవి. మా వీధిలో ఒక్కో బేస్‌మెంట్‌లో ఆరుగురు, ఏడుగురు పరుపులు పరుచుకుని ఉండేవారు. నేను మాత్రం ఇద్దరికే ఇచ్చాను. మొగుడూ పెళ్లాం కదా, సద్దు ఉండదనుకున్నాను. అమ్మాయిది ఒంగోలు దగ్గర. కాలేజీలో సీటు ఆమెది. ఆమె వీసా మీద స్పౌజ్‌గా అతను వెనకాల వచ్చాడు.

మా వంటగది నేలలో హీటర్ గాలి పైకి వచ్చే జాలీ ఒకటి ఉంది. కింద మాట్లాడుకున్నది అందులోంచి నాకు వినపడుతుంది. మొదటిసారి విన్నది చెంపదెబ్బ. తడిబట్టని రాయి మీద వేసి కొట్టినట్టుంది. ఆ తర్వాత ఏడుపు వినపడలేదు, నాకు భయం వేసింది అందుకే. దెబ్బకి ఏడవడం మానేసిందంటే అది మొదటి దెబ్బ కాదు. ఇంకో రోజు దబ్బుమని పెద్ద చప్పుడైంది. అప్పుడు నేను ఏం చేశానంటే, మిక్సీ వేశాను. కింద చప్పుడు ఆగేదాకా అల్లం వెల్లుల్లి తిప్పుతూనే ఉన్నాను. వాళ్లిద్దరి మధ్య మనకెందుకు అనుకున్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అయినా ఇది దాచిపెట్టి మిగతాది చెప్పలేను.

ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం దోసెలు పోసుకుంటున్నాను. జాలీలోంచి అతని గొంతు వచ్చింది.

“ఎవడే వాడు, నీకు మెసేజ్ పెట్టింది?”

“మేనేజర్. రేపటి షిఫ్ట్ మార్చాడు. చూడు, అదే ఉంది.”

“షిఫ్ట్ మార్చేవాడు నవ్వే బొమ్మ ఎందుకు పెడతాడే?”

తర్వాత ఒక అరుపు వినపడింది. అది మొదలైనంత గట్టిగానే ఠక్కున ఆగిపోయింది. నేను మెట్లు దిగేటప్పుడు పెనం నా చేతిలోనే ఉందని కూడా నాకు తెలియదు.

అతను ఆమె కుడి చేతిని వాషింగ్ మెషీన్ మూత కింద పెట్టి, మూత మీద మోకాలితో తొక్కుతున్నాడు. రెండో చేత్తో జుట్టు పట్టుకుని ముఖాన్ని మెషీన్ అంచుకేసి కొడుతున్నాడు. ఒక్కో దెబ్బకీ “చెప్పు” అంటున్నాడు. నోరు పగిలిన మనిషి ఏం చెబుతుంది? నేల మీద రెండు పళ్లు పడి ఉన్నాయి. సబ్బుపొడి డబ్బా మీద రక్తం చింది, తెల్లపొడి గులాబీ రంగులో ముద్దలు కట్టింది. నేను అతని ముంజేతి మీద పెనం ఆనించాను. ఆనించాను అని మెత్తగా అంటున్నానుగానీ, అదిమి పట్టుకున్నాను. దోసె వాసనతో పాటు చర్మం కాలే వాసన వచ్చింది. అతను కేకపెట్టి తిరిగి, పిడికిలితో నా మెడ కింద గుద్దాడు. మెట్ల అంచు మీద పడ్డాను. లోపల ఎముక పుటుక్కుమన్నది. అంత నొప్పిలోనూ అతన్ని ఆమె వైపు వెళ్లనివ్వకుండా కాలు పట్టుకుని వేలాడాను. పక్కింటావిడ ఫోన్ చేస్తే పోలీసులు వచ్చారు.

అతనికి శిక్ష పడింది, దగ్గరికి రాకూడదని షరతు కూడా పెట్టారు. ఆ తర్వాత రెజైనా అని ఎక్కడో దూరపు ఊళ్లో చుట్టాల దగ్గరికి వెళ్లిపోయాడు. క్రూరత్వం కింద విడాకులకు వేస్తే ఏడాది ఆగక్కర్లేదని ఉచితంగా సాయపడే లాయరమ్మ చెప్పింది. ఆ అమ్మాయి కుడి చేతికి కట్టు ఉంది కాబట్టి మొదటి ఫారం నేనే రాశాను. ఇంగ్లీషు అక్షరాలు నాకు వచ్చు, గుండ్రంగా రాస్తాను కూడా. కొన్ని నెలలకి విడాకుల ఆర్డర్ పోస్టులో వచ్చింది. అమ్మాయి విప్పి చూసి, పరపరా చింపి, కూరగాయల తొక్కలు వేసే గ్రీన్ బిన్‌లో వేసింది.

“అదేంటి తల్లీ, దాచుకోవాల్సింది కదా.”

“పైన నా పేరూ వాడి పేరూ పక్కపక్కనే ఉన్నాయి ఆంటీ. శుభలేఖలో వేసినట్టు.”

చదువు అయ్యాక ఆమె వాటర్లూ అనే ఊళ్లో ఉద్యోగం దొరికి వెళ్లింది. అడ్రస్ నాకు తప్ప ఎవరికీ ఇవ్వలేదు. పై పళ్లు రెండూ కట్టించుకుంది. అయినా నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకునేది.

తర్వాత పాస్‌పోర్ట్ గడువు దగ్గరపడింది. అందులో భర్త పేరు దగ్గర వాడి పేరే ఉంది. అది తీసేసి కొత్తది ఇవ్వాలంటే విడాకులైనట్టు కోర్టు సర్టిఫికెట్ కావాలన్నారు. కొత్త పాస్‌పోర్ట్ రాకపోతే వర్క్ పర్మిట్ పొడిగించరు. పొడిగించకపోతే తిరిగి ఇండియాకి వెళ్లాలి, అక్కడ వాడి అమ్మానాన్నలు “మా కోడల్ని పంపండి” అని ఆమె నాన్న ఇంటి ముందు కూర్చుంటున్నారు. ఒక్క కాగితం మీద ఇంత ఆగి ఉంది. ఏ కోర్టులో విడాకులైతే ఆ కోర్టులోనే అడగాలి. ఫైల్ నంబర్ చెబితే వెంటనే తీస్తారు. అది లేకపోతే ఇద్దరి పేర్లూ ఏ సంవత్సరమో చెప్పాలి. నంబరేమో గ్రీన్ బిన్‌లో కలిసిపోయింది.

పిచ్చిపిల్ల, తెలుగు స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపులో అడిగింది. “ఒషావా కోర్టులో డైవర్స్ సర్టిఫికెట్‌కి అపాయింట్‌మెంట్ కావాలా? గురువారం వెళ్తున్నాను” అని. మనవాళ్లకు ఇల్లు దొరకాలన్నా, పాత మంచం అమ్మాలన్నా ఆ గ్రూపే కదా, అలవాటు. ఎవరో దాన్ని ఫొటో తీసి రెజైనాలో ఉన్న వాడికి పంపారు. షరతు గడువు అప్పటికే తీరిపోయింది.

గురువారం పొద్దున నేను కోర్టుకి వెళ్లేసరికి ఆమె కౌంటర్ దగ్గర ఉంది. అద్దం వెనక ఉన్న క్లర్కమ్మ కంప్యూటర్‌లో రెండుసార్లు వెతికింది. అతని పేరుతో వెతికింది. ముందు సంవత్సరంలో, తర్వాతి సంవత్సరంలో కూడా వెతికింది. చివరికి “నో రికార్డ్” అంది, జాలిగానే.

అమ్మాయి నా వైపు తిరిగింది. “అంటే నాకు విడాకులు అవలేదా ఆంటీ? నేనింకా వాడి పెళ్లాన్నేనా?”

నేను ఆమెని బెంచీ మీద కూర్చోబెట్టి, కళ్లు మూసుకుని ఆ ఫారం రాసిన రోజుని గుర్తు చేసుకున్నాను. నీలం పెన్ను, పైన రెండు గళ్లు. మా బడిలో మాస్టారు బెత్తం పట్టుకుని నేర్పిందేమిటి? ఇంటిపేరు ముందు, పేరు తర్వాత. నేను అలాగే రాశాను. మొదటి పేరు అన్న గడిలో ఇంటిపేరు పెట్టాను, చివరి పేరు అన్న గడిలో ఆ పిల్ల పేరు పెట్టాను. వాడిదీ అంతే. లాయరమ్మ దాన్ని చూసే టైపు చేయించింది. ఈ దేశంలో చివరి పేరుతోనే అన్నీ వెతుకుతారు. ఆ పిల్ల విడాకులను నా చేత్తో నేనే దాచిపెట్టాను.

అద్దం దగ్గరికి వెళ్లాను. “మేడమ్, మై మిస్టేక్. ఫ్రంట్ నేమ్ బ్యాక్, బ్యాక్ నేమ్ ఫ్రంట్. హజ్బెండ్ ఆల్సో. ఇన్ అవర్ ప్లేస్, హౌస్ నేమ్ కమ్ ఫస్ట్.”

“యువర్ హౌస్ హాజ్ ఎ నేమ్?” అందావిడ ఆశ్చర్యంగా.

“యెస్. ఎవ్రీబడీ హౌస్.”

ఆవిడ తిరగేసి కొట్టింది. ఫైల్ దొరికింది. ఆధారాలు చూసి, ఫారం నింపించుకుని, సీల్ వేసిన సర్టిఫికెట్ మధ్యాహ్నం రెండింటికి ఇస్తామంది. ఈలోపు కావాలంటే ఫైల్ చూసుకోమని ఇచ్చింది. అందులో అమ్మాయి ప్రమాణం చేసి చెప్పినవన్నీ తేదీల వారీగా ఉన్నాయి. ఆమె నాకోసం తెలుగులో మెల్లగా చదివింది. ఫలానా రోజు మరిగే టీ మెడ మీద పోశాడు. ఫలానా రోజు బెల్టు బకిల్‌తో వీపు చీల్చాడు. ఫలానా రోజు కడుపులో తన్నాడు, అప్పుడామెకి మూడో నెల. ఆ తేదీ నాకు తెలుసు. నేను మిక్సీ వేసిన రోజు అది. ఆమెకి చెప్పాను. దాచలేదు. ఆమె “నాకు వినపడింది ఆంటీ, ఆ మిక్సీ” అని పేజీ తిప్పింది.

మధ్యాహ్నం కాస్త ఏమన్నా తిందామని బయటికి వచ్చాం. బస్ షెల్టర్ దగ్గర అతను నిలబడి ఉన్నాడు. గడ్డం చేసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, పెళ్లిచూపులకి వచ్చినట్టున్నాడు.

“ఏమే, కాగితం దొరికిందా? నేను సంతకం పెట్టకుండా నీకు విడాకులెవరిచ్చారే?”

“పక్కకి జరుగు,” అందామె.

అతను ఆమె గొంతు పట్టుకున్నాడు. అలాగే వెనక్కి తోసి షెల్టర్ అద్దానికేసి తలని కొట్టాడు. ఒకసారి, రెండోసారి. అద్దం సాలెగూడులా చీలింది. నేను సంచితో వీపు మీద బాదుతుంటే మోచేత్తో నన్ను రోడ్డు మీదకి తోశాడు. పాత ఎముక మళ్లీ కలుక్కుమంది. లేవలేక కోర్టు గుమ్మం వైపు తిరిగి “హెల్ప్, హెల్ప్” అని అరిచాను. అమ్మాయి ముఖం నల్లబడుతోంది. ఆమె చేతిలో స్టీలు నీళ్ల సీసా ఉంది. దాంతో అతని చెవి మీద కొట్టింది. పట్టు వదల్లేదు. మళ్లీ కొట్టింది. మూడోదెబ్బకి ముక్కు ఎముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. అతను కూలబడ్డాడు. అప్పుడు కూడా ఆమె ఆగలేదు. కట్టించుకున్న పళ్లు బయటికి కనబడేలా నోరు తెరిచి, అతని భుజాల మీద, వీపు మీద, అడ్డం పెట్టిన చేతుల మీద కొడుతూనే ఉంది. సీసా సొట్టలు పడింది. నిజం చెబుతున్నాను, నేను ఆపమనలేదు. కోర్టు గార్డులు పరిగెత్తుకొచ్చి ఇద్దర్నీ విడదీసి, అతని చేతులు వెనక్కి విరిచి బేడీలు వేశారు. గొంతు పట్టుకోవడం మొదటినుంచీ చూశానని బస్సు కోసం నిలబడ్డ ఒక ముసలాయన సాక్ష్యం చెప్పాడు.

అంబులెన్స్ వచ్చింది. తలకి కుట్లు పడాలి, ఎక్కమన్నారు. ఆమె కదల్లేదు. గొంతు లేవడం లేదు, గాలితోనే మాట్లాడుతోంది.

“టైమెంత ఆంటీ?”

“ఒంటిగంటా నలభై.”

“ఇరవై నిమిషాలు ఆగమని చెప్పండి.”

వాళ్లు ఒప్పుకోలేదు, ఈమె ఎక్కలేదు. చివరికి అంబులెన్స్ పిల్ల ఒకతె ఆమె తలకి గుడ్డ కట్టి, పక్కనే నడుస్తూ కౌంటర్ దాకా వచ్చింది. క్లర్కమ్మ ఆ అవతారం చూసి లేచి నిలబడింది. సంతకం చెయ్యాల్సిన చోట వేలు పెట్టి చూపించింది. అమ్మాయి ఒక చేత్తో గుడ్డ అదిమిపట్టుకుని, విరిగి అతికిన మూడు వేళ్లతో సంతకం చేసింది. సర్టిఫికెట్ మీద ఎర్రటి సీలు ఉంది. పేర్లు పక్కపక్కనే ఉన్నాయి. ఈసారి చింపలేదు. జాకెట్ లోపల పెట్టుకుని జిప్ పైదాకా లాక్కుని, అప్పుడు స్ట్రెచర్ మీద పడుకుంది.

పన్నెండు కుట్లు పడ్డాయి. వాడు ఇంకా జైల్లోనే ఉన్నాడు. పాస్‌పోర్ట్ ఆఫీసులో కాగితం తీసుకున్న గుమాస్తా మనవైపు మనిషేనట. పేర్లు తిరగబడి ఉన్నా ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదట. కొత్త పాస్‌పోర్ట్ వచ్చిన రోజు ఆమె ఆ పేజీ ఫొటో పంపింది. భర్త పేరు ఉండాల్సిన చోట తెల్లగా, ఖాళీగా ఉంది. వర్క్ పర్మిట్ కూడా వచ్చింది.

ఇంతసేపు కూర్చుని విన్నారు. మీ ఇల్లు చల్లగా ఉండాలి. మీ ఇంట్లో చెయ్యి లేస్తే అది ముద్ద కలిపి పెట్టడానికో, తల నిమరడానికో మాత్రమే లేవాలి. మీ గోడ అవతల ఎవరైనా పిలిస్తే, మొదటి పిలుపుకే మీ తలుపు తెరుచుకోవాలి.