ఏమొస్తుందో తెలియని పొట్లం

మొన్న మా అమ్మాయి పుట్టినరోజుకి ఏదైనా కొందామని ఉప్పల్ చౌరస్తా దగ్గర ఓ ఆటవస్తువుల షాపుకి వెళ్ళాను. కౌంటర్లో అమ్మాయి పిల్లలాడుకునే బొమ్మల కార్డులు చూపిస్తూ, "ఫుల్ సెట్ ఇయ్యాల్నా మేడం, విడి ప్యాకెట్లా? సెట్‌లైతే అన్నీ ఉంటయ్. ప్యాకెట్ల ఏమొస్తదో మీ లక్కు" అంది. నాకు నవ్వాగలేదు. పాపం, ఆ పిల్లకేం తెలుసు, సరిగ్గా ఈ గొడవ మీదే మా పెద్దమ్మా పెద్దనాన్నా ఓ సాయంత్రమంతా మాటల్లేకుండా కూర్చున్నారని!

అప్పుడు నాకు కొత్తగా ఉద్యోగమొచ్చి, నాచారంలో వాళ్ళింట్లో ఉండేదాన్ని. పెద్దనాన్న చర్లపల్లి వైపు ఓ ప్రభుత్వ కంపెనీలో ఇంజనీరు. ఎంత మంచివాడో అంత చాదస్తం. కొబ్బరికాయ కొనాలన్నా చెవి దగ్గర పెట్టి ఆడించి, వేలితో కొట్టి చూసిగానీ తీసుకోడు. పుచ్చకాయైతే కోసి చూపించాల్సిందే. పెద్దమ్మ తణుకు నుంచి అప్పుడే కాపురం మార్చుకుని వచ్చింది. అక్కడ వీధి వీధంతా ఆవిడకి తెలిసినవాళ్ళే, ఇక్కడ పలకరించే నాథుడు లేడు. కింద వాటాలో ఓనరమ్మ ఉందిగానీ, ఈవిడ మాట ఆవిడకీ ఆవిడ మాట ఈవిడకీ సగమే అర్థమయ్యేది. ఇద్దరూ ఓ నవ్వు నవ్వుకుని తలుపులేసుకునేవాళ్ళు. "నన్ను మా ఊరు పంపించెయ్యండి బాబూ, మీరు హోటల్ క్యారేజీ తెప్పించుకోండి" అని పెద్దమ్మ వారానికోసారి ఏడ్చేది. నిజంగానే వెళ్ళిపోతుందేమోనని పెద్దనాన్నకి లోలోపల బెంగ.

అలాంటి రోజుల్లో కిరాణా కొట్టాయన, చిల్లర లేదని, చాక్లెట్ బదులు ఓ కార్డుల ప్యాకెట్ ఆవిడ చేతిలో పెట్టాడు. పిల్లల ఆట అది. ఒక్కో కార్డు మీద ఓ వింత జంతువో, రాజో, రాణో, కింద బలం ఎంతో ఓ అంకె. పెద్ద అంకె ఉన్నవాళ్ళదే గెలుపు. లోపల ఏ బొమ్మలున్నాయో చింపితేగానీ తెలియదు. పెద్దమ్మ చింపింది. అంతే, మర్నాటి నుంచి కొట్టాయన దగ్గర చిల్లరున్నా ఆవిడే వద్దనేది! వచ్చినవే మళ్ళీ మళ్ళీ వచ్చి, మా ఇంట్లో రెక్కల ఏనుగుల మందే తయారైంది. ఓ సాయంత్రం మెట్ల మీద వాటిని పరుచుకుని కూర్చుంటే ఓనరమ్మ కింద నుంచి చూసింది. "ఓ వదినా, గా ఏనుగులు గిన్ని ఉన్నయేంది నీ తాన! మా పోరగాండ్లు అది దొరుకుత లేదని నా పానం తీస్తున్రు. ఒకటియ్యి, నీకు మొసలినిస్త" అంది. ఇంకేముంది! రోజూ మెట్ల మీద బేరాలే. ఏనుగు వెంట మా ఆవకాయ కిందకి దిగింది, మొసలి వెంట వాళ్ళ సకినాలు పైకెక్కాయి. పక్కింటి టీచరుగారూ వాళ్ళ అత్తగారూ కూడా చేరారు. బంద్ రోజుల్లోనైతే మధ్యాహ్నం నుంచే కచేరీ. అందరికంటే పెద్ద అంకె ఉన్న నెమలి రాణి మాత్రం ఒక్కరికీ రాలేదు.

దానికోసం పెద్దమ్మ ఆరాటం చూడలేక పెద్దనాన్న కోఠీ అంతా గాలించి, కార్డులన్నీ ఉన్న రేకు డబ్బా పట్టుకొచ్చాడు. "ఇదిగో, ఒక్కటి తగ్గదు. ఇంక ఆ దిక్కుమాలిన ప్యాకెట్లు చింపే పన్లేదు" అంటూ ఎంత సంబరపడ్డాడో! పెద్దమ్మ మూత తీసింది, నెమలి రాణిని చూసింది, మళ్ళీ మూత పెట్టేసింది. "అన్నీ నా దగ్గరే ఉంటే, ఇంక కిందకి ఏం వంక పెట్టుకుని వెళ్ళనండీ? వాళ్ళు మాత్రం పైకెందుకొస్తారు?" అంది, కళ్ళనిండా నీళ్ళతో. పెద్దనాన్న మొహం చూడాలి అప్పుడు! నాకు ఇద్దరి మీదా జాలేసింది. ఆ సాయంత్రం మా ఇంట్లో టీవీ కూడా పెట్టలేదు.

ఆదివారం మధ్యాహ్నం చూద్దును కదా, ఆ మహానుభావుడు నేల మీద బాసింపట్టు వేసుక్కూర్చుని, పాత క్యాలెండర్ కాగితాలు స్కేలు పెట్టి కోసి, డబ్బాలో కార్డులన్నీ కళ్ళు మూసుకుని కలిపేసి, పొట్లాలు కడుతున్నాడు! అన్నం మెతుకుతో అతికించడం, లోపలిది కనపడుతోందేమోనని కిటికీ వెలుతుర్లో పెట్టి చూడటం. "ఏ పొట్లంలో ఏముందో నాక్కూడా తెలియకూడదమ్మా" అన్నాడు, ఎంతో గంభీరంగా. సాయంత్రం డబ్బా మెట్ల మీద పెట్టి అందర్నీ పిలిచాడు. పెద్దమ్మ తీసిన పొట్లంలో మళ్ళీ రెక్కల ఏనుగే! అందరం పడీ పడీ నవ్వాం. నెమలి రాణి ఓనరమ్మకొచ్చింది. "అరె, నాకొచ్చింది వదినా! మస్తు దినాల సంది సూస్తున్నవ్, నువ్వే తీస్కో" అని చెయ్యి చాపింది. పెద్దమ్మ ఆ గుప్పిట తన రెండు చేతులతో మూసేసింది.

"వద్దొదినా, మీ ఇంట్లోనే ఉండనీ. రోజూ వచ్చి చూసిపోతాను."

"గట్లైతే రోజూ రావాలె మరి!"

ఊరు పంపించెయ్యమన్న మాట ఆ తర్వాత పెద్దమ్మ నోట నేను వినలేదు. పెద్దనాన్న రిటైరైనా వాళ్ళు ఆ వాటా వదల్లేదు. ఆ వదినలిద్దరి జుట్టూ ఆ మెట్ల మీదే నెరిసింది, ఏళ్ళు గడుస్తున్నాయని మాత్రం అక్కడ కూర్చున్న ఒక్కరికీ తోచలేదు.