స్టాథిస్ హాజరు

గ్రీసు దేశంలోని వోలోస్ ఊరి బడిలో ముప్పయ్యేళ్లు వ్యాకరణం చెప్పిన స్టమాతియా టీచరుకు మగపిల్లలంటే కాస్త మెత్తన. కరోనా ఏడాది పాఠాలు కంప్యూటర్లోకి వచ్చాక, ఈ చదువు ఎలా ఉందో రాయమని ఆవిడ పిల్లల్ని అడిగింది. ఆడపిల్లలంతా బడి తెరవమన్నారు. మగపిల్లలంతా ఇదే హాయన్నారు. యంత్రాలతో చదువు వీళ్లకే అబ్బిందని ఆవిడ మురిసిపోయింది.

అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నవాడు స్టాథిస్. ఇంకొక్క గైర్హాజరు పడితే వాడు అదే తరగతి మళ్లీ చదవాలి.

మర్నాడు ఉదయం పేరు పిలవగానే పిల్లలు హాజరని టైపు చేస్తున్నారు. గ్రీకులో మగపిల్లవాడైతే 'పరోన్' అనాలి, ఆడపిల్లయితే 'పరూసా' అనాలి. స్టాథిస్ పేరు పక్కన 'పరూసా' అని పడింది.

"నువ్వు ఆడపిల్లవి ఎప్పుడయ్యావు నాయనా?" అంది టీచరు.

వాడి కవల చెల్లెలు ఎవాంథియా గొంతు వినిపించింది.

"వాడు పడుకున్నాడు టీచర్. రోజూ వాడి హాజరు నేనే కొడుతున్నా. ఇవాళ అలవాటుగా నాది పడిపోయింది. వాడికి ఈ చదువు ఎందుకంత హాయిగా ఉందో తెలిసిందా?"

"లేపు వాణ్ణి. పేర్లన్నీ అయ్యేలోగా వస్తే హాజరే."

"దుప్పటి లాగితే తంతాడు టీచర్."

"నీళ్లు పొయ్యి."

లోపల్నించి పెద్ద కేక వినిపించింది. ఆవిడ మిగిలిన పేర్లను ఎన్నడూ లేనంత నిదానంగా, ఇంటిపేర్లతో సహా పిలిచింది. చివరి పేరు సగంలో ఉండగా తడిజుట్టుతో స్టాథిస్ తెరమీదికొచ్చి "పరోన్" అన్నాడు.

"ఇప్పటికి వ్యాకరణం కుదిరింది" అంటూ హాజరు వేసింది స్టమాతియా.