మా వదిన అచ్చేయించిన ఎరుపు

మొన్న ఎదురింటావిడ మనవడి బారసాల కార్డు ఫోన్లోనే తయారుచేసి, కాఫీ చల్లారేలోపు ఊరందరికీ పంపేసింది. ఎవరూ నోరెళ్లబెట్టలేదు. నాకు మాత్రం మా వదిన గుర్తొచ్చింది.

రెండువేల సంవత్సరం దాటి ఆరేడేళ్లయిందేమో అప్పటికి. అద్దంకి బస్టాండు దగ్గర చిన్న గదిలో వదిన డీటీపీ చేసేది. పక్కనే కారం మర. కరపత్రం రాయించుకోడానికొచ్చిన వాళ్లు ముందు నాలుగు తుమ్ములు తుమ్మి, ఆ తర్వాతే సంగతి చెప్పేవారు. అందరిలాగే ఆవిడ కంప్యూటర్లోనూ దొంగ కాపీ సాఫ్ట్‌వేరే ఉండేది. ఒకరోజు అదంతా పీకేసి, కంప్యూటర్ను నడిపే లినక్సూ, దాంతోపాటు బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరూ, రెండూ ఉచితంగా దొరికేవే, ఎక్కించింది. అన్నయ్య నెత్తి కొట్టుకున్నాడు. “దొంగ సరుకుతో ఎన్నాళ్లు నెట్టుకొస్తామయ్యా?” అంది వదిన నాతో.

అప్పుడే మా పిన్ని, ఊళ్లో ఆడవాళ్లను కూడగట్టుకుని, సొంత పేరుతో కారం అమ్మబోతోంది. అట్టపెట్టె బొమ్మ వదినకే అప్పజెప్పింది. గుంటూరు ప్రెస్సులో తీసిన మొదటి నమూనాను వదినా, పిన్నీ, నేనూ వెలుతురులోకి పట్టుకెళ్లి చూశాం. కారం ఇటుకపొడిలా ఉంది. ఒత్తులు అక్షరాల కింద నుంచి జారి పక్కన కూర్చున్నాయి. “ఊరికే వచ్చినదాంతో నాలుగు రంగుల పనవదమ్మా,” అన్నారు ప్రెస్సాయన, జాలిగానే. పిన్ని మొహం చిన్నబోయింది. “ఇంకొక్కసారి చూద్దాంలెండి,” అంది అయినా.

వదిన తనకొచ్చిన ఇంగ్లీషులోనే ఇంటర్నెట్టులో గోడు వెళ్లబోసుకుంది. ఏ దేశంవాళ్లో, మొహం తెలియనివాళ్లు, ఓపిగ్గా జవాబులు రాశారు. ఒత్తులు కదలకుండా అక్షరాలను బొమ్మలుగా మార్చమన్నారు. తెర మీది రంగును నమ్మకుండా, అచ్చుసిరాల పాళ్లలో ఎరుపును కలుపుకోమన్నారు. బదులుగా ఎవరూ ఏమీ అడగలేదు. అది నాకిప్పటికీ వింతే.

ఆ ప్రెస్సులో ఒక్కో రంగూ విడిగా వేసేవారు. ముందు పసుపు పడింది. “ఇదేంటే, కారం పెట్టెనా, పసుపుకొమ్ముల పెట్టెనా?” అని పిన్ని గాభరాపడింది. అది ఆరాక, మర్నాడు ఉదయం గులాబీ సిరా వేశారు. పసుపు మీద గులాబీ పడ్డచోటల్లా ఎరుపు పుట్టింది! కళ్లంలో అప్పుడే ఆరబోసినట్టు మిరపకాయలు. వాటి మీద, ఎక్కడి ఒత్తులు అక్కడే, మా పిన్ని కారం పేరు. పిన్ని వేలితో తాకి, అంటుకున్న సిరా చూసుకుని, “కంట్లో పడితే మండుద్దేమోనే!” అంది. ప్రెస్సాయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. తలెత్తి, “మావాళ్లకీ కాస్త నేర్పుతావా అమ్మా?” అన్నారు. వదిన గబుక్కున కొంగుతో కళ్లు తుడుచుకుంది.

కాలం ఒక్కో అద్భుతాన్నీ తీసుకుపోయి మామూలు చేసేస్తుంది. ఆ ఉదయం జోలికి మాత్రం ఇంకా రాలేదు.