తోమిన ఇత్తడి పంపు

1979 వేసవి మొదట్లో మా ఇన్సూరెన్స్ కంపెనీ నన్ను శాంటా క్లారా బ్రాంచికి బదిలీ చేసింది. హోదా సీనియర్ అప్రైజర్. అంటే, దెబ్బతిన్న బండిని చూసి ఏ భాగం బాగుచేయించాలో, ఏది మార్పించాలో రాసి క్లెయిమ్స్ మేనేజర్‌కి పంపేవాడన్నమాట. సంతకం ఆయనది, తిట్లు మనవి. అప్పటిదాకా నేను చూసినవన్నీ కార్లే. ఈ బ్రాంచిలో మాత్రం నా నెత్తిన పాత మోటార్‌సైకిళ్లు పెట్టారు.

ఆ రోజుల్లో అక్కడి చిప్ కంపెనీల ఇంజనీర్లకి పాత ఇంగ్లిష్ మోటార్‌సైకిళ్ల మీద విపరీతమైన మోజు ఉండేది. తాము బడిలో ఉన్నప్పుడు తయారైన బండిని వెతికి కొని, ఆదివారం పూట కొండదారుల్లో తిప్పేవారు. వాటి కోసం మా కంపెనీ ఒక ప్రత్యేక పాలసీ పెట్టింది. పాలసీలు బాగానే అమ్ముడుపోయాయి. బండ్లు పడటం మొదలయ్యాక గానీ మావాళ్లకి తెలిసిరాలేదు, వాటిని బాగుచేసేవాడెవడో ఆఫీసులో ఒక్కరికీ తెలియదని. పెద్ద షాపులకి పంపితే ఒక రోగంతో వెళ్లిన బండి రెండు రోగాలతో తిరిగొచ్చేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, మా క్లెయిమ్స్ మేనేజర్ హారిస్ నన్ను పిలిచి, నమ్మి బండి వదలగలిగే షాపుల జాబితా ఒకటి తయారుచేయమన్నాడు. నన్నే ఎందుకంటే, అమెరికా రాకముందు నేను విశాఖపట్నంలో ఓడల మరమ్మతు వర్క్‌షాప్‌లో సూపర్‌వైజర్‌ని. ఇంగ్లిష్ యంత్రాల మధ్య పెరిగినవాణ్ణి.

షాపు మంచిదో కాదో తేల్చడానికి నేను రెండు పరీక్షలు పెట్టుకున్నాను. మొదటిది పానాల పరీక్ష. పాత ఇంగ్లిష్ బండ్ల నట్లు వేరే కొలతవి. అమెరికన్ పానా వాటికి దాదాపు సరిపోతుంది, ఆ దాదాపులోనే ఉంది ప్రమాదమంతా. గట్టిగా తిప్పితే జారి నట్టు మూలలు అరిగిపోతాయి, ఆ తర్వాత ఏ పానా పట్టదు. అందుకని షాపులోకి వెళ్లగానే యజమాని మాటలు వినేవాణ్ణి కాదు, గోడ చూసేవాణ్ణి. ఇంగ్లిష్ కొలత పానాల సెట్టు వేలాడుతూ ఉంటే కూర్చునేవాణ్ణి. లేకపోతే, గోడల మీద ఎన్ని సర్టిఫికెట్లు ఉన్నా, నమస్కారం పెట్టి బయటికి వచ్చేసేవాణ్ణి.

రెండోది మన దేశం నుంచి తెచ్చుకున్న అలవాటు. మెకానిక్ దగ్గర బండి వదిలేసి ఇంటికి పోయినవాణ్ణి విశాఖలో నేను ఒక్కణ్ణీ చూడలేదు. పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంటాం, టీ తెప్పిస్తాం, విప్పిన ప్రతి ముక్కా మన కళ్ల ముందే ఉండాలి. ఆఖరికి పాడైన సామాను కాగితంలో చుట్టించుకుని మరీ తెచ్చుకుంటాం. అమెరికాలో కస్టమర్‌ని లోపలికి రానివ్వరు. కనీసం తీసేసిన సామానైనా తిరిగి ఇస్తారా అని అడిగేవాణ్ణి. ఆ మాట వినగానే కొందరికి మొహం మాడిపోయేది. మాడిన మొహాలన్నిటినీ నేను జాబితాలోంచి కొట్టేశాను.

ఈ రెండు పరీక్షల్లోనూ తడుముకోకుండా నెగ్గింది రోసా. శాన్ హోజేలో రైలు పట్టాల పక్క వీధిలో ఆమె షాపు. యాభై దగ్గరపడిన మనిషి, నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది. అంతకుముందు పళ్లు డబ్బాల్లో పెట్టే కేనరీలో యంత్రాల మరమ్మతు చేసేది. పాత యజమాని రిటైరైతే ఉన్నదంతా ఊడ్చి ఆ షాపు తీసుకుంది. తీసేసిన సామాను ఇస్తావా అని నేను అడిగితే, ఇవ్వక నేనేం చేసుకుంటాను, కూర వండుకుంటానా అని నామీదే ఎగిరింది. అదే రోజు ఆమె పేరు జాబితాలో మొదట రాశాను. ఏడాది తిరిగేసరికి ఆమె షాపుకొచ్చే పనిలో ఎక్కువ భాగం మేము పంపినదే.

ఇలా ఉండగా చలపతి బండి పడింది. చలపతిది ఏలూరు దగ్గర, చిప్ కంపెనీలో ఇంజనీరు, కొత్తగా పెళ్లయినవాడు. తెలుగువాళ్ల కలయికల్లో పరిచయం. పాత ఇంగ్లిష్ బండి ఒకటి కొని దాన్ని భార్యకన్నా ఎక్కువ ముద్దుగా చూసుకునేవాడు. మలుపులో కంకర మీద జారి పడ్డాడు. మోకాలు గీరుకుంది గానీ మనిషికి ఏం కాలేదు. బండికి మాత్రం హ్యాండిల్, ముందు ఫోర్కు వంగాయి. నేనే చూసి రాసి రోసా దగ్గరికి పంపాను, తీసేసిన సామాను అడిగి తెచ్చుకోమని మరీ చెప్పాను.

ముందు భాగం బాగుచేస్తుండగా ఇంజన్ అడుగున నూనె నిలిచిపోతోందని రోసా గమనించింది. ఆ బండిలో చిన్న ఇత్తడి పంపు ఒకటి ఉంటుంది. నూనెని ఇంజన్‌లోకి పంపేదీ అదే, కింద చేరిన నూనెని వెనక్కి తోడేదీ అదే. ఆ తోడే వైపు అరిగిపోయిందని, ఇలాగే నడిపితే ఇంజన్ పోతుందని చలపతికి ఫోన్ చేసి చెప్పింది. అది యాక్సిడెంట్ వల్ల వచ్చింది కాదు కాబట్టి ఇన్సూరెన్స్ కిందకి రాదని కూడా చెప్పింది. చలపతి సరేనన్నాడు. ఆమె కొత్త పంపు వేసి, పాతది డబ్బాలో పెట్టి ఇచ్చింది.

చలపతి ఇంటికెళ్లి డబ్బా తెరిచాడు. లోపల పంపు చింతపండుతో తోమిన ఇత్తడి చెంబులా ధగధగలాడుతోంది. వాకిట్లోకి వెళ్లి ఇంజన్ పక్క మూత తీసి బండికి వేసిన పంపుని చూస్తే, అది నల్లగా, జిడ్డుగా ఉంది. ఇంకేముంది! మనవాళ్లకి ఇత్తడి మెరిస్తే మంచిది, మెరవకపోతే పాతది. పైగా సామాను మార్చేసే మెకానిక్‌ల కథలు వినకుండా మన దేశంలో ఎవరు పెరిగారు? నిక్షేపంలాంటి పంపు పీకేసి పాత దాన్ని తగిలించిందని, తీసిందాన్ని ఇంకెవరికో అమ్ముకునేదే గానీ తాను అడగబట్టి ఇవ్వాల్సి వచ్చిందని తీర్మానించేశాడు. ఆ శనివారమే తెలుగువాళ్ల భోజనాల దగ్గర అందరికీ చెప్పాడు. సోమవారం మా కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టాడు.

అవసరం లేని భాగాలు మార్చి బిల్లు పెంచడం మా వృత్తిలో అన్నిటికన్నా పెద్ద నేరం. రాతపూర్వకంగా ఫిర్యాదు వచ్చిన షాపుని ఆ వారంలోనే జాబితాలోంచి తీసేయాలన్నది నిబంధన. హారిస్ చెడ్డవాడు కాదు, కానీ నిబంధన అంటే ప్రాణం. శుక్రవారం లోపు ఫిర్యాదు తప్పని తేల్చకపోతే రోసా పేరు పోతుందని, దాంతో పాటు చిన్న షాపుల జాబితా మొత్తం మూసేసి మళ్లీ పెద్ద షాపులకే పంపుతామని చెప్పాడు. రోసాకి అది షాపు మూతపడటమే. తిరిగి కేనరీల్లో పనికి పోదామంటే అవి కూడా ఒక్కొక్కటీ మూతపడుతున్నాయి.

నాకు ఒళ్లు మండింది. ముందు చలపతికి ఫోన్ చేశాను. అతను ఇంకా వేడిమీదే ఉన్నాడు.

"రావుగారూ, మీరు రికమెండ్ చేశారని నమ్మాను. ఆవిడ నన్ను క్లియర్‌గా చీట్ చేసింది. ఆ పంప్ షైన్ చూస్తే మీకే అర్థమవుతుంది, అది బ్రాండ్ న్యూలా ఉంది."

పెళ్లిచూపుల్లో కూడా ఇంత నిశ్చయంగా చెప్పి ఉండవు నాయనా అని, శుక్రవారం ఉదయం బండి, డబ్బా రెండూ తీసుకుని షాపుకి రమ్మన్నాను.

రోసాని ఒప్పించడం అంతకన్నా కష్టమైంది. విషయం విని ఆమె చేతిలో ఉన్న గుడ్డ నేలకేసి కొట్టింది. తాను సరిగ్గా చేసిన పనిని దొంగని సోదా చేసినట్టు నలుగురి ముందు విప్పి చూపించనని, కావాలంటే పేరు కొట్టేసుకోమని అంది. ఆమె కోపం న్యాయమైనదే. కానీ న్యాయమైన కోపంతో షాపు అద్దె కట్టలేం. ఆమె అరుపులన్నీ అయిపోయేదాకా ఒక డబ్బా మీద కూర్చున్నాను. చివరికి, నువ్వు విప్పకపోతే నీలాంటి మిగతా షాపులు కూడా పోతాయి అన్నాను. ఆమె నేల మీది గుడ్డ తీసుకుని దులిపి, శుక్రవారం పొద్దున్నే రమ్మంది.

శుక్రవారం నలుగురం షాపులో చేరాం. హారిస్ టై కట్టుకుని వచ్చాడు, ఎక్కడ నిలబడితే నూనె అంటదో తెలియక మధ్యలో నిలబడ్డాడు. చలపతి డబ్బా గుండెలకి హత్తుకుని పట్టుకున్నాడు. రోసా ఎవరి మొహమూ చూడకుండా గోడ మీంచి సరైన పానా తీసింది, ఇంజన్ పక్క మూత విప్పింది, పంపు బయటికి తీసి బల్ల మీద గుడ్డ పరిచి పెట్టింది. పక్కన చలపతి తెచ్చిన పంపు పెట్టాం. నిజం చెప్పాలంటే, ఆ రెండిటినీ పక్కపక్కన చూస్తే నా బ్రాంచిలో నూటికి నూరుమందీ చలపతి పక్షమే చేరేవారు. ఒకటి బంగారంలా ఉంది, ఇంకోటి వంటింటి పొయ్యిలో పడి లేచినట్టుంది.

ఓడల వర్క్‌షాప్‌లో నూనె పంపుని పరీక్షించే పద్ధతి ఒకటి ఉంది. దానికి కళ్లతో పనిలేదు. పంపు లోపల పైకీ కిందకీ కదిలే చిన్న కడ్డీ ఉంటుంది. దానికి నూనె రాసి, పంపు కింది రంధ్రాన్ని బొటనవేలితో మూసి, కడ్డీని పైకి లాగాలి. పంపు మంచిదైతే ఇంజెక్షన్ సిరంజిలా వేలిని లోపలికి పీలుస్తుంది, వదలగానే కడ్డీ చటుక్కున వెనక్కి పోతుంది. అరిగిపోయిందైతే గాలి పక్కల నుంచి జారిపోతుంది, వేలికి ఏమీ తెలియదు.

వేలు నాది పెట్టలేదు, రోసాది అసలే పెట్టనివ్వలేదు. చలపతిని రమ్మన్నాను. ముందు మెరిసే పంపు. అతను రంధ్రం మూశాడు, నేను కడ్డీ లాగి వదిలాను. అది లాగిన చోటే ఉండిపోయింది.

"ఏమైనా తెలిసిందా?" అన్నాను.

"లేదండి. ఏమీ లాగట్లేదు."

వేలు సరిగ్గా ఆన్చలేదేమోనని అతనే మళ్లీ మళ్లీ చేశాడు. కడ్డీ అలాగే నిలబడింది. ఈసారి నల్లటి పంపు తీసుకున్నాం. కడ్డీ లాగగానే చలపతి భుజాలు ఎగిరిపడ్డాయి. వదలగానే అది టక్కున లోపలికి పోయింది, ఆ చప్పుడు షాపంతా వినిపించింది. పైనున్న నలుపు కొత్త సామానుకి చిలుము పట్టకుండా ఫ్యాక్టరీలో పూసే జిడ్డు. రోసా వేలితో కాస్త తుడిస్తే కింద ఒక్క గీత కూడా లేని ఇత్తడి బయటపడింది.

హారిస్ తానూ చూస్తానన్నాడు. చూశాడు. టై భుజం మీదకి వేసుకుని ఇంకోసారి చూశాడు. ఆ తర్వాత మేము అడ్డు చెప్పేదాకా ఆడుకుంటూనే ఉన్నాడు.

చలపతి మెరిసే పంపుని చేతిలో తిప్పి తిప్పి చూసి, నాతో తెలుగులో మెల్లగా అన్నాడు. "పైన పటారం, లోన లొటారం అంటే ఇదేనండీ." తర్వాత రోసా వైపు తిరిగి, తప్పు నాది, నన్ను క్షమించండి అని ఇంగ్లిష్‌లో చెప్పాడు. మాట తడబడింది గానీ తల దించుకోలేదు. రోసా నల్లటి పంపుని చేతిలోకి తీసుకుని, నీ ఇంజన్ బతికింది, పో, అంది. నేను ఆనందం పట్టలేకపోయాను. ఉద్యోగంలో ఎన్నో క్లెయిమ్‌లు గెలిచాను గానీ, గంతులేయాలనిపించింది ఆ ఒక్కరోజే.

అక్కడితో వదిలిపెట్టలేదు నేను. నింద వేసిన చోటే దాన్ని తుడవాలని చలపతికి చెప్పాను. ఆ తర్వాతి భోజనాల దగ్గర, స్కూలు హాల్లో, పులిహోర వడ్డించకముందే అతను లేచి నిలబడి జరిగిందంతా చెప్పాడు. తనని తానే ఎగతాళి చేసుకుంటూ చెప్పాడు, జనం పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. భోజనాలయ్యేసరికి ఆ షాపు ఎక్కడుందని నన్ను అడగనివాడు లేడు. మోటార్‌సైకిల్ లేనివాళ్లు కూడా అడిగారు, కారు చూస్తుందా, పచ్చగడ్డి కోసే మెషిన్ చూస్తుందా అని. హారిస్ రోసా పేరు ఉంచడమే కాదు, ఆ జాబితా పద్ధతినే మిగతా బ్రాంచిలకి కూడా పంపించాడు. ఆ పని చూసే విభాగానికి నన్ను సూపర్‌వైజర్‌ని చేశారు.

ఒకసారి రోసాకి సలహా ఇచ్చాను. తీసేసిన సామాను కడగకుండా మురికితోనే ఇచ్చెయ్, మావాళ్లు నమ్ముతారు, నీకూ తలనొప్పి ఉండదు అన్నాను. ఆమె నన్ను వెర్రివాణ్ణి చూసినట్టు చూసింది.

"మురికి కింద అరుగుదల కనపడదు. పాడైందని చూపించాలంటే కడగాలి కదా?"

ఆ తర్వాత కూడా ఆమె కడిగే ఇచ్చేది.

మోసం చేసేవాడు మనం ఎలా ఉంటే నమ్ముతామో కనుక్కుని అలా కనపడతాడు. సరిగ్గా పనిచేసేవాడు పని ఎలా ఉండాలో అలా చేస్తాడు, అది మనకి ఎలా కనపడుతుందో చూసుకోడు. అందుకే తేల్చే భారం షాపుది కాదు, పరీక్ష చేసేవాడిది. నేను రిటైరయ్యేదాకా ఫిర్యాదు చదివి ఏ షాపునీ కొట్టేయలేదు. ఫిర్యాదు చేసినవాడి చేతిలో ఆ భాగం పెట్టి, పరీక్ష చేయించాకే కొట్టేశాను. అలా కొట్టేసినవి చాలానే ఉన్నాయి. రోసా పేరు మాత్రం, ఆమె తనంతట తాను షాపు అమ్ముకున్న రోజు దాకా, జాబితాలో మొదటే ఉంది.