టిక్కు బాబాయ్ కారు కొన్న వైనం

ఇన్సూరెన్సు ఆఫీసులో ఆయన్ని అందరూ టిక్కు బాబాయ్ అనేవారు. ఇరవై ఎనిమిదేళ్ల ఉద్యోగంలో ఆయన వెలగబెట్టిందల్లా ఒక్కటే. వచ్చినవాళ్ల కాగితాల మీద సంతకం పెట్టాల్సిన చోటల్లా పెన్సిల్‌తో టిక్కు కొట్టడం. ఎవరైనా అమాయకంగా చదవబోతే, "అందరికీ ఇదేనండీ, పెట్టేయండి" అని పేజీ తిప్పేసేవాడు. ఎక్కడైనా ఒక్క ఖాళీ మిగిలిందా, ఆయనకు అన్నం సయించేది కాదు.

అలాంటి మనిషికి కారు మోజు పుట్టింది. భార్యేమో నడుం విరిగేలా ఇంట్లో బట్టలు కుట్టి, మెయిన్‌రోడ్డులో చిన్న కొట్టు తీసుకోవాలని అడ్వాన్సు డబ్బు విడిగా తన ఖాతాలో కూడబెడుతోంది.

"మీ కారు మీ జీతంతో కొనుక్కోండి. నా ఖాతా జోలికి మాత్రం రాకండి" అంది.

"నీ డబ్బు నాకెందుకే" అన్నాడు. నిజంగానే అన్నాడు, పాపం.

ఇద్దరూ షోరూముకెళ్లారు. మెత్తటి సోఫా, చల్లటి గది, చేతికి కూల్‌డ్రింకు. సేల్స్‌మాన్ ఫైనాన్సు కాగితాల కట్ట ముందు పెట్టాడు. వాటి మీద పెన్సిల్ టిక్కులు కనబడగానే బాబాయ్‌కి ప్రాణం లేచొచ్చింది. చకచకా నలభై సంతకాలు గీకేశాడు. అంతటితో ఊరుకోవచ్చు కదా. కట్ట మొదట్నుంచీ తిరగేసి రెండు ఖాళీలు పట్టుకున్నాడు.

"ఇవి వదిలేశారేంటి?"

"అవి అక్కర్లేదు సార్, ఇష్టమైతేనే..."

"పని చేస్తే పూర్తిగా చేయాలి. రేపు కాగితం వెనక్కొస్తే ఎవరు తిరుగుతారు?"

రెండు చోట్లా తనే టిక్కు కొట్టాడు. ఒకచోట తను సంతకం పెట్టి, రెండోది భార్య ముందుకు తోస్తే, ఆవిడా పెట్టేసింది. పక్కన ఖాతా నంబరు గడి బోసిగా ఉంటే, ఆవిడ నంబరు కంఠతా వచ్చు గనక అదీ నింపేశాడు. సేల్స్‌మాన్ నోరు మూసుకుని ఇంకో కూల్‌డ్రింకు తెప్పించాడు.

వాయిదా చెప్పినదానికంటే ఎక్కువగా పోవడం మొదలైంది. మూడో నెలకు బాబాయ్ ఖాతాలో డబ్బు చాలలేదు. మిగతాది భార్య ఖాతాలోంచి లాగేశారు.

బాబాయ్ అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. డీలరు దగ్గరికెళితే, అమ్మడం వరకే మా పని అన్నాడు. ఫైనాన్సువాళ్ల దగ్గరికెళితే, డీలరు పంపినదే మేం చూస్తాం అన్నారు. నాలుగుసార్లు తిరిగాక అక్కడి మేనేజరమ్మ విసుగొచ్చి కట్ట తీయించింది.

"ఇది అదనపు బీమా, అందుకే వాయిదా పెరిగింది. ఇది హామీ. మీరు కట్టలేకపోతే మీ మిసెస్ ఖాతాలోంచి తీసుకోమని. ఈ రెండింటికీ మావాళ్లు టిక్కు పెట్టరు సార్. ఎవరు పెట్టారు?"

తన చేతి టిక్కు తనకు తెలియదా? బాబాయ్ తల వంచుకున్నాడు. బీమా రద్దుకు గడువు దాటిపోయిందట. హామీ అప్పు తీరేదాకా ఉంటుందట.

ఇంటికొచ్చి ఏదీ దాచకుండా చెప్పేశాడు. తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండుననిపించింది కూడా. ఆవిడ మిషను ఆపింది.

"అడ్వాన్సు తక్కువైందని చెబితే కొట్టు వేరేవాళ్లకిచ్చేశారు. పొద్దున్నే ఫోన్ చేశారు."

"చదవకుండా ఎందుకు పెట్టావే?" అన్నాడు.

"మీరు టిక్కు కొట్టి చూపించారని" అంది.