కాల్చాల్సిన వరి

రాప్తాడుకు పడమరగా, ఎర్రమట్టి మెట్ట మీద, కంచె వేసిన పరిశోధన పొలం ఒకటి ఉండేది. లోపలి మళ్లన్నిటికీ సన్నటి వల కప్పి ఉండటంతో ఊళ్లో వాళ్లు దాన్ని వల తోట అనేవాళ్లు. రామాంజినమ్మ అక్కడ కూలికి చేరింది రెండువేల రెండులో. ఆ ఏడు వేరుశనగ ఊడలు దిగే వేళకి వాన మొహం చాటేసింది. కాయలు కాదు కదా, పశువులకు మేతగా వేసే ఎండు కట్టె కూడా దక్కలేదు. మొగుడు పోయి చాలా కాలమైంది. కొడుకు జయరాం, కోడలు సువర్ణ, బొటనవేలంత ధారగా పోసే ఒక బోరు, ఇవే ఆమెకున్న దిక్కు.

వల తోటలో పండించేది వరి. నాటడం, కలుపు తీయడం, నీళ్లు కట్టడం ఆమెకు చిన్ననాటి నుంచీ తెలిసిన పనులే. తెలియని పని ఒకటి మొదటి పంటలోనే ఎదురైంది. వరి పొట్ట మీదుండగా నీళ్లు ఆపేయమన్నారు. పోల్చి చూడటానికి రెండు మళ్లకు మాత్రం కట్టి, మిగతావి ఎండబెట్టమన్నారు.

రామాంజినమ్మ పార పట్టుకుని గట్టు మీదే నిలబడిపోయింది.

"ఏమమ్మా, కడుపుతో ఉన్న బిడ్డకు ఎవరన్నా కూడు మాన్పిస్తారా?"

ఆ మాట అడిగింది సరళని. ధర్మవరంలో పట్టుచీరలు నేసే ఇంటి పిల్ల, చదువుకుని ఆ తోట బాధ్యత చూస్తోంది. కోప్పడకుండా ఆమె కూడా గట్టు మీదకి వచ్చి కూర్చుంది.

"చెప్తా విను అక్కా. వరిలోపల జన్యువులని ఉంటాయి. ఎప్పుడు ఏం చేయాల్నో మొక్కకు చెప్పేవి అవే. నీళ్లు తగ్గితే కొన్ని మేలుకుంటాయి. ఆకుకుండే సన్నని నోళ్లు మూసుకోమంటాయి, ఎదగడం ఆపి ఉన్న తడిని కాపాడుకోమంటాయి. మామూలు వరిలో అవి గట్టిగా పని చేసేలోపల పైరు దెబ్బ తినిపోతాది. అందుకని వేరే మొక్కలోని జన్యువును ఈ వరిలో పెట్టినాం. కరువును తట్టుకుంటాదో లేదో ఎండబెట్టి చూడాల."

"తట్టుకుంటే?"

"తట్టుకుంటే మీ మళ్లకే గదా వచ్చేది."

ఆ మాట పట్టుకుని రామాంజినమ్మ కాలవకు మట్టి అడ్డం వేసింది.

ఆ పంట బతికింది. మధ్యాహ్నం ఎండకు పక్కనే వేసిన మామూలు వరి ఆకులు సూదుల్లా చుట్టుకుపోతే, కొత్త వరి ఆకులు విచ్చుకునే ఉన్నాయి. అయితే నీళ్లు మళ్లీ కట్టాక కూడా అది ఎదగలేదు. మోకాలెత్తున గిడసబారి, వెన్ను తీసినా సగం తాలే. దానిలోని జన్యువు నీళ్లున్నప్పుడు కూడా నిద్రపోవడం లేదని సరళ చెప్పింది. ఎప్పుడూ కరువనే అనుకుని భయపడే మొక్క ఏం ఎదుగుతుంది? రామాంజినమ్మకి ఆ ముక్క వెంటనే అర్థమైంది. వరసగా కరువులు చూసిన ఊరు ఆమెది.

తర్వాతి ఏడు ఇంకో రకం తెచ్చారు. ఎండబెట్టినప్పుడే జన్యువు మేలుకునేలా మార్చిన వరి. అది ఎండకు ఆగింది, తడి తగలగానే ఎదిగింది, నిండుగా పాలు పోసుకుంది. ఆ ఏడు బయట ఊరంతా ఎండుతోంది. గొడ్లను సంతకు తోలేశారు. వల లోపల ఒంగిన వెన్నులు చూసి రామాంజినమ్మ తన పొలంలో పండినట్టే మురిసిపోయింది.

కోతకు మనుషులు చాలక జయరాంని కూడా పిలిపించారు. నూర్చి, తూకం వేసి, కొద్దిగా గింజలు సంచుల్లో పెట్టి ముద్ర వేశాక, మిగిలిన ధాన్యాన్ని గడ్డితో సహా గుంటలో పోశారు. సరళ కిరసనాయిలు చల్లించి నిప్పంటించింది. ఇంకా పరీక్షలు కాని వరి బయటకు పోకూడదు, తినకూడదు, అది నియమం. రామాంజినమ్మకి ముందే తెలుసు. అయినా పేలాల వాసన వచ్చేసరికి అక్కడ నిలబడలేక వెళ్లిపోయింది. జయరాం మాత్రం మంట ఆరేదాకా చూస్తూ నిలబడ్డాడు.

కొన్నాళ్లకి బోరు పక్కన జయరాం నారు పోశాడు. ఒకనాటి మిట్టమధ్యాహ్నం అటుగా వచ్చిన రామాంజినమ్మ ఆగిపోయింది. మడి నెర్రెలిచ్చింది. నారు మాత్రం ఆకు చుట్టకుండా నిలబడి ఉంది.

"జయరామా, ఈ విత్తనం యాడిది?"

అతను దాచలేదు. "కోతనాడు టవల్లో కట్టుకొని తెచ్చినా. పిడికెడే."

"దొంగతనం చేసినావేందిరా!"

"కరువులో తిండిగింజలు కాలబెట్టేది తప్పు కాదా? నేను తెచ్చింది తప్పా? ఆ వరి నీ చేత్తోనే నాటినావు గదమ్మా. మన మడికి ఎందుకు రాకూడదు?"

మంట దగ్గర రామాంజినమ్మకి కూడా అలాగే అనిపించింది. కొడుకుని తిట్టడానికి అదే అడ్డం వచ్చింది.

మర్నాడు తోటలో, కలుపు తీస్తూ, ఊరికే అడిగినట్టు సరళని అడిగింది. "ఆ గింజ బయట పడితే ఏమైతాదమ్మా?"

"ఏమీ కాకపోవచ్చు అక్కా. పుప్పొడి ఎగిరి పక్క వరిలో కలిస్తే, తింటే, ఏమైతాదో మాకింకా తెలీదు. తెలీదు కాబట్టే కాలుస్తాం." సరళ ఆగి ఆమె మొహంలోకి చూసింది. "ఎందుకడుగుతాండావు?"

"ఊరికేనమ్మా."

ఇంటికి పోతూ ఆమె లెక్క వేసుకుంది. నారు ఎదిగితే నాటు వేస్తారు, వెన్ను తీస్తుంది, పక్కన గంగాధరప్ప మడి ఉంది, అందులోనూ వరే. తెలియదు అన్న మాట చదువుకున్న పిల్ల నోట వినడం ఆమెకి మొదటిసారి. తెలుసని చెప్పి ఉంటే అంత భయపడేది కాదేమో.

తెల్లారగానే పోయి నారు పీకడం మొదలుపెట్టింది. సగం అయ్యేసరికి జయరాం వచ్చాడు. చేయి పట్టుకుంటాడనుకుంది. పట్టుకోలేదు. గట్టు మీద కూలబడ్డాడు.

"పీకుమా. అంతా పీకు. మనకు బతికేది ఏదీ వద్దులే."

ఆమె తలెత్తకుండా చివరి మొక్కదాకా పీకి, చీరకొంగులో మూటగట్టి, నేరుగా తోటకు పోయి సరళ ముందు పెట్టింది. కొడుకు పేరు కూడా దాచలేదు. తానే తెచ్చానని చెబుదామని దారంతా అనుకుంది గానీ, అబద్ధం నోటికి రాలేదు.

సరళ ఆ మూట విప్పి మొక్కలు లెక్కపెట్టింది. "నాకు చెప్పకుండా ఉండింటే బాగుండు అక్కా," అంది చివరికి. "చెప్పినాక పైవాళ్లకు తెలపకుండా ఉండలేను."

తెలిపింది. జీపుల్లో అధికారులొచ్చి జయరాం మడిని గెలికి చూశారు, ఇల్లు సోదా చేశారు, ఊరందరి ముందు అతణ్ణి నిలబెట్టి ప్రశ్నలు వేశారు. కేసు పెట్టలేదు. రామాంజినమ్మని మాత్రం పనిలోంచి తీసేశారు. గింజ బయటకు పోయిందని ఆ సీజన్‌తోనే తోట మూసి, వల విప్పుకుపోయారు. సరళని ఎక్కడికో మార్చారు. తోట కూలి మీద బతికే ఆడవాళ్లు రామాంజినమ్మతో మాట్లాడటం మానేశారు. "నిజం చెప్పి మా నోట మన్ను కొట్టె," అని మారెక్క కుళాయి దగ్గర అందరికీ వినబడేలా అంది. జయరాం సువర్ణని తీసుకుని బెంగుళూరులో కట్టడం పనులకు పోయాడు. పోయేటప్పుడు తల్లితో చెప్పిపోలేదు.

నాలుగేళ్లకు సరళ వెతుక్కుంటూ వచ్చింది. రామాంజినమ్మ గొర్రెలు తోలుకొచ్చి చింతచెట్టు కింద కూర్చుని ఉంది. ఇద్దరూ కాసేపు వానల సంగతి మాట్లాడుకున్నారు.

"ఆ వరి ఏమాయమ్మా?"

"ఇంకోచోట వేసి చూసినారు అక్కా. ఒక ఏడు బాగా పండింది, ఒక ఏడు పండలేదు. పరీక్షలు ఇంకా కాలేదు."

"నా వల్లే ఆలస్యమాయనా?"

సరళ కాదనలేదు. "కొంత," అంది. "నేను నీ స్థానంలో ఉంటే ఏం చేసేదాన్నో నాకు తెలీదు."

ఆమె వెళ్లాక రామాంజినమ్మ గొర్రెల్ని ఇంటిదారి పట్టించింది. ఆ వారం వాన పడింది. తడి ఆరకముందే జయరాం బెంగుళూరు నుంచి ఒక్కడే వచ్చి, వాకిట్లో సంచి దించి, "విత్తనం శెనక్కాయలు ఉండాయా?" అని అడిగాడు. అన్నేళ్లలో తల్లితో అతను మాట్లాడిన మొదటి మాట అది. ఆమె వేరుశనగ విత్తనాల మూట కోసం గబగబా లోపలికి పోయింది.