చేత్తో నడిపే కారు

పోలియో వల్ల నా రెండు కాళ్లూ పనిచేయవు. దర్శిలో టీచరుగా చేరాక, బ్రేకు, యాక్సిలరేటరు చేత్తోనే వేసేలా మార్చిన పాత కారు కోసం ఏడాదిపాటు వెతికాను. చివరికి పొన్నూరులో ఒకటి దొరికింది. తీరా అన్నయ్యతో కలిసి వెళ్తే, ఫోన్లో చెప్పిన ధర మీద ఓనరు ఇంకో యాభై వేలు అడిగాడు.

"మధ్యాహ్నం తెనాలి నుంచి వేరే పార్టీ వస్తోందమ్మా. ఇలాంటి బండి మళ్లీ దొరకదు, మీ ఇష్టం" అన్నాడు.

"పార్టీ లేదు, ఏం లేదు. మన అవసరం కనిపెట్టాడు. పద పోదాం" అని అన్నయ్య నా చెవిలో గొణిగాడు.

కారు కొన్నాక నా దగ్గర మిగిలేది ఆ యాభై వేలే. కానీ నిజంగానే ఎవరైనా వచ్చి తీసుకుపోతే? "ఒకసారి నడిపి చూస్తానండీ" అన్నాను. లైసెన్సు ఉంది గానీ ఇంకా చేయి తిరగలేదు.

కాలవగట్టు మలుపులో గడ్డి ట్రాక్టరు ఎదురొచ్చింది. కంగారులో స్టీరింగు పక్కకు తిప్పేసరికి కారు కాలవ వైపు జారింది. "ఆపవే!" అని అరుస్తూ అన్నయ్య తన కాళ్ల కింద లేని బ్రేకును తొక్కుతున్నాడు. నేను ప్రాణమంతా చేతిలోకి తెచ్చుకుని బ్రేకు లివరు నొక్కాను. కారు గట్టు అంచున ఆగింది.

మెల్లగా వెనక్కి తీసి రోడ్డెక్కించాను. అన్నయ్య మొహం తుడుచుకుని, "బ్రేకు బాగా పడుతోందే. అడిగింది ఇచ్చేద్దాం" అన్నాడు.

ఆ తెనాలి పార్టీ నిజంగా ఉందో లేదో ఈనాటికీ తెలియదు. ఎక్కువిచ్చానని బంధువులు ఇప్పటికీ అంటుంటారు. కానీ అప్పటిదాకా గడప దాటాలంటే ఎవరో ఒకరి తీరిక కోసం ఎదురుచూసిన నేను, ఆ సాయంత్రం అన్నయ్యను పక్కన కూర్చోబెట్టుకుని దర్శి దాకా తీసుకొచ్చాను.